దుర్గమ్మ పటం పక్కన లైసెన్సు

పటమటలో దుర్గాప్రసాద్ ఎలక్ట్రికల్స్ అని ఒక కొట్టు ఉంది. బోర్డు మీద దుర్గాప్రసాద్ పేరు, ఫోను నంబరు, కోటు వేసుకుని నవ్వుతున్న ఫోటో కూడా ఉంటాయి. లైసెన్సు మాత్రం అతనిది కాదు. అది అతని భార్య రామతులసిది. దాన్ని ఫ్రేము కట్టించి, కొట్టులో కనకదుర్గమ్మ పటం పక్కన తగిలించాడు. రోజూ పొద్దున్నే అమ్మవారికీ దానికీ కలిపి అగరొత్తులు తిప్పుతాడు. లైసెన్సుకు అంత మర్యాద చేసే మనిషి, లైసెన్సు సంపాదించిన మనిషిని మాత్రం కొట్టు మెట్టు ఎక్కనివ్వడు. ఆడమనిషి కౌంటరు దగ్గర కూర్చుంటే మేస్త్రీలు ఇబ్బంది పడతారట. ఆ ఇబ్బంది ఏమిటో రామతులసికి ఇప్పటికీ అంతుబట్టలేదు.

అసలు పెళ్లిచూపుల నాడే ఆమె కనిపెట్టాల్సింది. వంట వచ్చా, పాట వచ్చా అని ఎవరూ అడగలేదు. డిప్లొమాలో ఏ బ్రాంచి అని అడిగాడు పెళ్లికొడుకు. ఎలక్ట్రికల్ అనగానే అతని మొహం చేటంత అయింది. చదువుకు విలువిచ్చే మొగుడు దొరికాడని ఈ పిచ్చిది మురిసిపోయింది. అతను ఐటీఐ మధ్యలోనే వదిలేశాడనీ, చేతిలో పని ఉన్నా అతని పేరు మీద లైసెన్సు రాదనీ పెళ్లయ్యాక గాని తెలియలేదు. వైరింగు సరిగ్గా ఉందని లైసెన్సున్నవాళ్లు సంతకం పెడితే తప్ప కొత్త ఇంటికి మీటరు ఇవ్వరు. దుర్గాప్రసాద్ తాళి కట్టింది ఆ సంతకానికి.

మొదట్లో ఆమె అడగ్గానే సంతకం పెట్టేది కాదు. ఇల్లు చూశాకే పెడతానని స్కూటరు వెనక ఎక్కి కూర్చునేది. ఇక్కడ సన్న వైరు లాగారనీ, అక్కడ షాకు కొట్టకుండా కాపాడే ఎర్తు సరిగ్గా లేదనీ పేచీ పెట్టేది. దుర్గాప్రసాద్‌కు ఒళ్లు మండిపోయేది. పాయింటుకి ఇంతని పటమట మొత్తం మీద అందరికంటే తక్కువ రేటు చెప్పి పని పట్టుకుంటాడాయన. ఆ తక్కువ ఎక్కణ్ణుంచి వస్తుంది మరి? గోడలోపల, నేలకింద, ఎవరికీ కనపడని చోట్ల నుంచే రావాలి. కొన్నాళ్లకు అతను సంతకాలు అడగడం మానేశాడు. ఇప్పుడన్నీ రిపేరు పనులేనని, వాటికి సంతకం అక్కర్లేదని చెప్పాడు. నా పేరు ఎక్కడైనా వాడుతున్నారా అని ఆమె అడిగినప్పుడల్లా అతని దగ్గర ఒకటే జవాబు.

"నా మీద నమ్మకం లేదా నీకు?"

మొగుడు ఆ మాట అంటే, లేదని ఏ పెళ్లాం చెప్పగలదు? నోరు మూసుకుంది. కడుపులో మంట మాత్రం ఆరలేదు.

ఆ మంటలో ఆజ్యం పోసినావిడ అమలమ్మ. ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. వచ్చిన డబ్బుతో గుణదలలో కొండ వైపు చిన్న ఇల్లు కట్టుకుంది. ఒక మధ్యాహ్నం ఆవిడ మోచేతికి కట్టుతో ఆటో దిగి, వెతుక్కుంటూ వచ్చి రామతులసి గుమ్మంలో నిలబడింది. చేతిలో మీటరు కోసం ఇచ్చిన వైరింగు కాగితం ఉంది. దాని మీద లైసెన్సు ఉన్నవారి పేరూ ఇంటి చిరునామా ఉన్నాయి.

"రామతులసి ఎవరమ్మా ఇక్కడ?"

"నేనేనండీ."

"నువ్వేనా? నీ చెయ్యి పడిపోను. చూసే పెట్టావా ఈ సంతకం?"

తర్వాత ఆవిడ ఆపలేదు. వాషింగ్ మెషీను మీద చెయ్యి వేయగానే షాకు కొట్టి వెల్లకిలా పడిందట. ఎముక విరగకపోవడం మరియమ్మ తల్లి దయ అంది. ఇల్లంతా పరీక్షించాను, ఎర్తు బ్రహ్మాండంగా ఉంది అని రాసి సంతకం పెట్టిన మహాతల్లి మొహం ఎలా ఉంటుందో చూసి, నాలుగు దులిపి, అట్నుంచటే కరెంటు ఆఫీసుకు పోయి లైసెన్సు పీకించేస్తానంది. వీధి వీధంతా వినేలా అంది.

రామతులసి కాగితం తీసుకుని చూసింది. పేరు తనదే, రాత తనది కాదు. కొట్టు బిల్లుల మీద ఇన్నేళ్లుగా చూస్తున్న రాత అది. ఆ సంతకం నాది కాదని అక్కడే చెప్పేయొచ్చు. చెబితే మొగుడు దొంగ సంతకం కేసులో ఇరుక్కుంటాడు. నాదేనంటే కష్టపడి చదివి తెచ్చుకున్న లైసెన్సు పోతుంది, పేరూ పోతుంది, ఒకావిణ్ణి చంపబోయిన పాపం తన నెత్తిన పడుతుంది. ముందు ఎర్తు చూద్దాం పదండి అని చెప్పులేసుకుంది. దారిలో దుర్గాప్రసాద్‌కు ఫోను చేసి, గునపం, పార, కొత్త పైపు, బొగ్గు, ఉప్పు పట్టుకుని గుణదల రమ్మంది. రాకపోతే తనూ అమలమ్మా కలిసి కరెంటు ఆఫీసుకు వెళ్తామని కూడా చెప్పింది.

అతను మొహం మాడ్చుకుని వచ్చాడు. వస్తూనే తప్పంతా మెషీను కంపెనీ మీదకు తోశాడు. చెప్పులతో లోపలికి రాబోతే, ఇప్పుడే తుడిచానని అమలమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. కరెంటు పనివాడు చెప్పులు విప్పకూడదమ్మా అన్నాడు దుర్గాప్రసాద్, పెద్ద నీతి చెబుతున్నట్టు.

"మీరు వేసిన ఎర్తు బాగుంటే, మెషీను పాడైనా షాకు కొట్టదు కదండీ. చెప్పులు విప్పి, ఒక్కసారి దాని మీద చెయ్యి వెయ్యండి చూద్దాం" అంది రామతులసి.

అతను చెయ్యీ వేయలేదు, చెప్పులూ విప్పలేదు. గడప అవతలే నిలబడిపోయాడు.

రామతులసి మెయిన్ ఆపి, పెరట్లోకి వెళ్లి, ఎర్తు గుంట మీది సిమెంటు మూత తీసింది. పైపు పట్టుకుని లాగితే ముల్లంగిలా చేతికొచ్చింది. మనిషి పొడవుండాల్సిన పైపు మూరెడు కూడా లేదు. చుట్టూ నింపాల్సిన బొగ్గు లేదు, ఉప్పు లేదు, అసలు గొయ్యే లేదు. మూత మాత్రం చక్కగా ఉంది. అమలమ్మ దుమ్మెత్తిపోసింది. దుర్గాప్రసాద్ కూడా తగ్గలేదు. కొండ నేల, అంతా రాయి, మీరు బేరమాడి ఇచ్చిన రేటుకి పాతాళం దాకా ఎవడు తవ్వుతాడని ఎదురు తిరిగాడు. నాలుగు రూపాయలు తగ్గుతుందని ఇతన్ని ఏరుకున్నది అమలమ్మే కాబట్టి ఆవిడకు ఇంకా ఒళ్లు మండింది. ఆ కోపమంతా తెచ్చి రామతులసి మీద పెట్టింది.

"ఇంతకీ ఈ సంతకం నీదా, కాదా? అది చెప్పు."

దుర్గాప్రసాద్ కళ్లతో సైగ చేశాడు. బతిమాలుతున్న సైగ కాదు, ఉరిమే సైగ. రామతులసి దాన్ని చూసీ చూడనట్టు ఊరుకోలేదు. నేరుగా చూసింది.

"నాది కాదండీ. మా ఆయన పెట్టారు."

"పిచ్చి పట్టిందా నీకు? కొట్టు మూతపడుద్ది. రేపణ్ణుంచి ఏం తింటాం?" అన్నాడు అతను.

"అది రేపు చూద్దాం. ముందు తవ్వండి."

ఇద్దరు ఆడవాళ్లు నెత్తి మీద నిలబడితే తవ్వక చస్తాడా. గునపం వేస్తే రాయి ఖణేల్‌మని పలికింది. నేల నానాలంటే నీళ్లు కావాలి. నీళ్లు రావాలంటే మోటారు వేయాలి. అందుకని మెయిన్ మళ్లీ వేశారు. అమలమ్మ గొట్టంతో నీళ్లు పోసింది, అతను తిట్టుకుంటూ తవ్వాడు. గొయ్యి నడుము లోతు అయ్యేసరికి ఎర్రమట్టి బురదై చెప్పులు పీక్కుపోతున్నాయి. విసుక్కుని రెండూ తీసి గట్టు మీదకు విసిరేశాడు. పొద్దు వాలుతుండగా అడుగున కొత్త పైపు దిగేసి, చుట్టూ బొగ్గూ ఉప్పూ కూరాడు. ఇక ఇంట్లోంచి వచ్చే ఎర్తు వైరు దానికి బిగించాలి.

"తులసీ, ఆఫీసులో చెప్పవుగా?" అన్నాడు. ఇప్పుడు గొంతు మెత్తబడింది.

ఆమె వైరు వైపు చెయ్యి చూపింది. అతను వైరు కోసం చెయ్యి చాచాడు. చెయ్యి సగంలోనే ఆగింది. ఆ వైరు రెండో కొస పాడైన మెషీనుకు ఉంది. తను వట్టికాళ్లతో మడమల దాకా నీళ్లలో ఉన్నాడు. మోటారు చప్పుడు ఆగి చాలాసేపైంది. మెయిన్ సంగతి మాత్రం అతను చూడలేదు.

"మెయిన్ ఆపావా?"

రామతులసి గట్టు మీద నిలబడి, కిందికి అతని మొహంలోకి చూసింది.

"నా మీద నమ్మకం లేదా మీకు?"

దుర్గాప్రసాద్ ఆమెను చూశాడు, వైరును చూశాడు. తర్వాత చెయ్యి వెనక్కి తీసుకుని, గట్టు పట్టుకుని పాకుతూ పైకి వచ్చాడు. బురద కాళ్లతో అమలమ్మ తుడుచుకున్న గచ్చు మీదుగా లోపలికి పరిగెత్తాడు. అమలమ్మ ఈసారి అడ్డుపడలేదు.

మెయిన్ ఆపే ఉంది. మోటారు పని అయిపోగానే, అడక్కుండానే ఆపేసింది రామతులసి. అతను తిరిగి వచ్చేసరికి ఆమె చీర కుచ్చిళ్లు దోపుకుని గోతిలోకి దిగి, వైరు పైపుకు బిగిస్తోంది.

"ఆపే ఉంది" అన్నాడు అతను, తల వంచుకుని.

ఆమె నట్టు తిప్పడం ఆపలేదు. "ఇన్నేళ్లూ మీ మాట పట్టుకుని నేను కాపురం చేశానండీ. నా మాట మీద మీరు ఒక్క వైరు పట్టుకోలేకపోయారు."

మర్నాడు పొద్దున్నే, అగరొత్తులు వెలిగించే వేళకు, రామతులసి కొట్టు మెట్లెక్కింది. మేస్త్రీలు చూస్తుండగానే స్టూలు వేసుకుని ఫ్రేము కిందికి దించి, దాని మీది బూడిద కొంగుతో తుడిచింది. ఆఫీసులో సంతకం సంగతి తానే చెప్పబోతున్నానని, ఇంకెన్ని ఇళ్లకు అలా పెట్టారో గుర్తు చేసుకుని ఉండమని మొగుడితో అంది. ఫ్రేము సంచిలో పెట్టుకుని కరెంటు ఆఫీసుకు ఆటో ఎక్కింది. వెలిగించిన అగరొత్తులు దుర్గాప్రసాద్ చేతిలోనే కాలుతున్నాయి.