అక్కకిచ్చిన ఏప్రాన్

మా అమ్మ బొమ్మనహళ్ళిలో స్టీలు సామాన్ల అంగడి నడిపేది. పక్కన బట్టలంగడి, ఎదురుగా కిరాణా. ఆ వీధిలో పెరిగినదాన్ని కాబట్టి ఎవరు ఏ ధర చెప్పినా సగం నుంచి మొదలుపెట్టడం నాకు అలవాటు. గిన్నెను గోటితో కొట్టి మోత వినందే కొనను. పెళ్ళిచూపుల్లో తననూ అలాగే చూశానని మా ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. అంత తెలివిగలదాన్ని, ఆసుపత్రిలో మాత్రం అడిగిన వెంటనే ఇచ్చేసి మోసపోయాను.

నేను క్యాథ్ ల్యాబులో టెక్నాలజిస్టును. చేతి దగ్గరో తొడ దగ్గరో రక్తనాళంలోకి సన్నని గొట్టం ఎక్కించి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ గుండె దాకా నడిపి, అడ్డంకులు తీసే గది అది. డాక్టరు ఆ పనిలో ఉంటే గుండె లయనూ రక్తపోటునూ కనిపెట్టి ఉండటం, అడిగిన బెలూనో స్టెంటో అందించడం మా పని. ఎక్స్‌రే నడుస్తుంటుంది కనుక అందరం సీసపు ఏప్రాన్లు వేసుకుంటాం. దాని కింద, ఎద మీద, ఒక చిన్న బ్యాడ్జి. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో అది పట్టి ఉంచుతుంది. మూడు నెలలకోసారి పరీక్షకు పంపుతారు. ఎక్కువ వచ్చిందంటే విచారణ తేలేదాకా ల్యాబు గడప తొక్కనివ్వరు.

పని అయ్యాక బ్యాడ్జి తీసి స్టాండుకు తగిలించాలని రూలు. మేమెవరమూ తీయం. ఏప్రాన్ లోపలి జేబుకే ఉంచేస్తాం, రేపు వేసుకునేదీ మనమే కదా అని.

నా ఏప్రాన్ అందరివాటికన్నా తేలిక. "నేను పొట్టిదాన్ని సార్, నాకు గుడ్డ తక్కువ పడుతుంది. ఆ మిగులులో మంచి రకం ఇప్పించండి" అని కొనుగోలు విభాగం ఆయన ప్రాణం తీసి సాధించుకున్నాను. నన్ను చూస్తే ఆయన ఇప్పటికీ ఫోన్ చెవికి పెట్టుకుంటాడు.

ఆ ల్యాబులో నాకు పని నేర్పింది ఒక అక్క. తోబుట్టువు కాదు, సీనియరు. మొదటి రోజుల్లో నేను మానిటరుకు అతుక్కుపోయి నిలబడితే భుజం మీద తట్టి అనేది:

"పేషెంటు మొకం చూడప్పా. మొకం ముందు చెప్తాది, మిషను తర్వాత చెప్తాది."

ఆమెకు నడుము నొప్పి. ఒకరోజు అడిగింది, "నువ్వు రాని పొద్దు నీ ఏప్రాన్ నేనేసుకుంటా. నాది మోసి మోసి నడుం ఇరిగిపోతా ఉండాది."

"ఏసుకో అక్కా" అన్నాను. బదులుగా ఏమిస్తావని మాటవరసకైనా అడగలేదు. మా వీధి పరువు తీశాను. నా బ్యాడ్జి తీసి పక్కన పెట్టి, తనది తగిలించుకుంటుందనుకున్నాను. అసలు అంత కూడా అనుకోలేదేమో.

ఆ తరువాతి పరీక్షలో నా బ్యాడ్జి రీడింగు బాగా ఎక్కువ వచ్చింది. రేడియేషన్ వ్యవహారాలు చూసే ఆఫీసరు పిలిచి, నన్ను ఈసీజీ గదికి మార్చానన్నాడు. నా నిర్లక్ష్యమే కారణమని తేలితే మళ్ళీ ల్యాబుకు రానివ్వరట. నేను ఇష్టపడి, కష్టపడి నేర్చుకున్న పని అదొక్కటే. వచ్చినవాళ్ళ ఛాతీలకు రబ్బరు బుడ్డలు అంటిస్తూ, ఎక్కడ తప్పు చేశానా అని తల బద్దలుకొట్టుకున్నాను.

అక్క రోజూ మధ్యాహ్నం క్యారియర్ పట్టుకొని వచ్చి నా ఎదురుగా కూర్చునేది. "తినప్పా. ఆ లెక్కలు సరిగ్గా తీయరు వాళ్ళు. నువ్వు ఊరికే దిగులు పడొద్దు" అని ముద్దపప్పు నా పళ్ళెంలోకి తోసేది.

ఒకరోజు నా చెప్పులు తెచ్చుకుందామని ల్యాబు బట్టలు మార్చుకునే గదికి వెళ్ళాను. అక్క లాకరు తలుపు తెరిచి ఉంది. లోపల కొక్కేనికి, దువ్వెన పక్కన, ఆమె బ్యాడ్జి వేలాడుతోంది. తలుపు అద్దంలోంచి చూస్తే ఆమె ల్యాబులో, బల్ల పక్కన, నా ఏప్రాన్‌లో నిలబడి ఉంది.

గది ఊడుస్తున్న ఆయా అంది, "ఆయమ్మది ఎప్పుడూ ఆడనే ఉంటాదమ్మా."

సాయంత్రం క్యాంటీన్‌లో అడిగాను. "నీ బ్యాడ్జి లాకర్లో ఏం చేస్తా ఉండాది అక్కా?"

అక్క కాఫీ ఊదుకుంది. "పోయినసారి నా రీడింగు హద్దు అంచుకొచ్చినాది. ఇంగోసారి వస్తే నన్ను బయటికి తోస్తారు."

"నాది జేబులో ఉండేది తెలుసా నీకు?"

"తెలుసు. నీది ఎప్పుడూ తక్కువే కదప్పా. కొంచెం పెరిగితే ఏమవుతాదిలే అనుకొంటి."

"ఆఫీసరు నిన్ను అడగలేదా?"

"అడిగినాడు. ఆ ఏప్రాన్ ఎవురూ ముట్టలేదంటి."

తరువాత ఆమే బేరం మొదలుపెట్టింది. నేను నోరు మూసుకుంటే ఆదివారం డ్యూటీలన్నీ తను చేస్తానంది. నేను పలకకపోయేసరికి పండగలు కూడా కలిపింది. ఇంకో రోజైతే ఇంకొంచెం పైకి లాగేదాన్ని. లేచి వచ్చేశాను. రేడియేషన్ పోనీ, ఆ క్యారియర్ ఎందుకు మోసుకొచ్చింది? తను పడేసిన గుంతలో నన్ను కూర్చోబెట్టి, రోజూ అన్నం పెట్టింది.

మరుసటి రోజు ఆఫీసరుకు జరిగింది చెప్పాను, బ్యాడ్జి తీయకపోవడం నా తప్పేనని కూడా చెప్పాను. ఆయన నాకు బాగా తలంటి, ల్యాబుకు పంపాడు. ఈసీజీ గదికి అక్క వెళ్ళింది.

లిఫ్టు దగ్గర ఒకసారి ఎదురైంది. "బేరం గిట్టినాదా అప్పా?" అంది, అందరూ వినేట్టు. లిఫ్టు రాకముందే మెట్లెక్కేశాను. నాకు విషయం చెప్పి, కొన్నాళ్ళు తన కేసులు చూడమని అడిగి ఉంటే, సణిగి, గీచి గీచి బేరమాడి, చివరికి ఒప్పుకునేదాన్నే.

ఇప్పటికీ బల్ల మీద మనిషిని పడుకోబెట్టగానే ముందు ముఖమే చూస్తాను. పెదవి రంగు మారినా, కనుబొమ మీద చెమట పట్టినా మిషన్ కంటే ముందే నాకు తెలుస్తుంది. అన్ని మధ్యాహ్నాలు ఎదురెదురుగా కూర్చొని తిన్నామే, ఆ ఒక్క ముఖం మాత్రం నాకేమీ చెప్పలేదు.