ఫాదరుగారి వంటింటి గుమ్మం

మా పిన్ని పోయింది. మొన్న పొద్దున్న ఊరి నుంచి ఆమె కూతురు ఫోను చేసి, "అక్కా, అమ్మ లేదు" అంది. ఆ పైన ఏడుపే. పిన్నంటే చుట్టరికం కాదండీ. నేను ఈ బహ్రెయిన్‌లో, అవాలీలో ఇంటిపనికి కుదిరిన కొత్తల్లో బెంగ పెట్టుకుని తిండి మానేస్తే, కూర్చోబెట్టి తిట్టి మరీ అన్నం పెట్టిన మనిషి. ఫాదరుగారి బంగళాలో వంట చేసేది.

ఆయిలు కంపెనీవాళ్లు ఈ ఊరు కట్టినప్పుడే, ఇంగ్లండు నుంచి పెళ్లాంపిల్లలతో వచ్చే చర్చి ఫాదర్ల కోసం ఆ బంగళా కట్టారట. ఫాదర్లు మారేవారు, పిన్ని మారేది కాదు. కొత్త దొరసాని దిగడమే ఆలస్యం, వచ్చీరాని ఇంగ్లీషులో ఇల్లంతా చూపించేది. ఆ వేపచెట్టు ఏ ఫాదరుగారు వేశారో, ఆ అరుగు ఎవరి ముసలితల్లి కోసం కట్టించారో, అన్నీ తనే దగ్గరుండి చేయించినట్టు చెప్పేది. నేను వేళాకోళం చేస్తే, "వెనకటోళ్లని తలుచుకుంటేనే ఇల్లే. లేపోతే అది ఉత్త క్వార్టరు" అనేది. వంటింటి గూట్లో ఆమె ఆంజనేయుడు. ఏ ఫాదరుగారూ ఆయన జోలికి పోలేదు.

ఆ ఇంటికో ఆనవాయితీ ఉంది. పుట్టినరోజు నాడు పిల్లల్ని వంటింటి గుమ్మానికి ఆనించి, ఎత్తు చూసి పెన్సిలుతో గీత గీసేవారు. అన్నిటికన్నా పాత గీతల తాలూకు పిల్లలు ఈపాటికి తాతలై ఉంటారు. పిన్ని కూతురేమో కోనసీమలో అమ్మమ్మ దగ్గర పెరిగింది. సెలవుకి వెళ్లినప్పుడల్లా పిన్ని ఆ పిల్ల ఎత్తుకి దారం కొలిచి, కొంగున ముడేసుకుని తెచ్చేది. అది చూసి ఓ దొరసాని తనే పెన్సిలు చేతికిచ్చి, ఆ గుమ్మం మీదే గీయించింది.

ఆఖరుసారి సెలవు దొరకలేదు. కూతురే మా ఊరాయన చేత దారం పంపింది. గుమ్మానికి పెట్టి చూస్తే పిన్ని తలని దాటిపోయింది. తనూ వీపు ఆనించి నిలబడి, "నాదీ గీయవే. మడమ లేపలేదు, చూసుకో" అంది. గీశాను. "నన్ను దాటేసిందే! నా కళ్లెదురుగా ఎదగలేదే నా తల్లి" అని నవ్వుతూనే ఏడ్చేసింది.

ఆ తరవాత జబ్బుచేసి ఇంటికెళ్లింది. వెళ్లిన దగ్గర్నుంచీ మంచమే. "ఒక్కసారన్నా పక్కపక్కన నిలబడి చూసుకోలేదక్కా. అమ్మ గీత ఉందా ఇంకా?" అని మొన్న ఫోనులో ఏడుపు మధ్యే ఆ పిల్ల అడిగింది.

ఇక ఫాదర్లు రారట, బంగళా ఎవరో ఇంజినీరుకి ఇస్తున్నారట, ఈ వారమే రంగులు. పరుగెత్తాను. కరీంనగర్ తమ్ముడొకడు బ్రష్షు పట్టుకుని వంటింట్లోనే ఉన్నాడు. గుమ్మానికి మాత్రం రంగెయ్యొద్దన్నాను.

"గుమ్మం ఒక్కటి ఇడిచిపెడ్తే ఫోర్‌మన్ ఊకుంటడా అక్కా? నా డ్యూటీ ఖలాస్."

నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ తరవాత ఏడుస్తూ పిన్ని సంగతంతా చెప్పాను. అతను బ్రష్షు కింద పెట్టి, కొలతల దారం తీశాడు.

"ఏ గీతలో చూపియ్యి."

దారం కొస కాలి బొటనవేలి కింద తొక్కిపట్టి పైకి లాగాడు. తల్లి గీత దగ్గర ఒక ముడి, కూతురి గీత దగ్గర ఒక ముడి వేసి తెంపాడు.

"రంగైతే ఆపలేను అక్కా. ఇది పిల్లకు పంపు. నాకూ ఉన్నది ఇంటికాడ బిడ్డ."

ఆ దారం నా కొంగున ఉంది. ఊరెళ్లేవాళ్ల కోసం చూస్తున్నాను. పిన్ని ముడికీ పిల్ల ముడికీ మధ్య నా బొటనవేలంత జాగా.