బల్ల కాళ్ళ కింద నీళ్ళు

వడ్రంగులతో నాకొక చిన్న పేచీ ఉంది. ఇంత వయసు వచ్చింది, నాలుగు కాళ్ళూ ఒకేసారి నేలకు ఆనే బల్ల ఒక్కటి కూడా నాకోసం ఎవరూ చేసి ఇవ్వలేదు. నేను చేయించుకున్న ప్రతి బల్లకూ ఒక కాలు కాస్త పొట్టి. వడ్రంగిని పిలిస్తే అతను బల్లను చూడడు, నేలను చూస్తాడు. "బల్ల మంచిగనే ఉంది సారూ, మీ ఇల్లే వంకరున్నది" అంటాడు. ఇప్పుడు నేను రాసుకుంటున్న బల్ల కూడా మాట మాటకూ తల ఊపుతోంది. నా రాతకు తల ఊపేవాళ్ళు వేరే ఎవరూ లేరు కనుక దీన్ని బాగుచేయించకుండా వదిలేశాను.

మొట్టమొదటి కుంటి బల్లను మాత్రం ఇంకా క్షమించలేదు.

పోలీసు యాక్షన్ జరిగిన ఏడు మేము నల్లగొండలో కిరాయి ఇంట్లో ఉన్నాం. మా సొంత ఊరు చిట్యాల దగ్గరి పల్లె. మాకు భూమి తక్కువ, భయం ఎక్కువ. పగలు రజాకార్లు వచ్చి అడిగే ప్రశ్నలకూ, చీకటి పడ్డాక కమ్యూనిస్టు దళం వాళ్ళు వచ్చి అడిగే ప్రశ్నలకూ వేరువేరు జవాబులు గుర్తుపెట్టుకోవడం కష్టమై, మా నాన్న, బాపు, మమ్మల్నందరినీ బండెక్కించి నల్లగొండకు తెచ్చాడు. నేను హైదరాబాదులో కాలేజీ చదువు చదువుతూ, గొడవల వల్ల తరగతులు ఆగిపోవడంతో వచ్చి ఇంట్లో పడ్డాను. నాకు కొత్తగా పెళ్ళయింది. నా భార్య ఆ ఎండాకాలమే కాపురానికి వచ్చింది.

బయట తిరగొద్దని బాపు ఆజ్ఞ. చదువుకున్న కుర్రవాడు ఊరికే రోడ్డు మీద నిలబడితే రజాకార్లకు కమ్యూనిస్టులా కనిపించేవాడు, కమ్యూనిస్టులకు రజాకార్ల ఖబర్లు మోసేవాడిలా కనిపించేవాడు. చీమలు పెంచడానికి ఇంతకంటే మంచి కారణం అవసరం లేదనుకున్నాను.

కాలేజీలో జంతుశాస్త్రం గదిలో రెండు అద్దాల మధ్య మట్టి నింపి చీమలను ఉంచేవారు. నేను చదివింది చరిత్ర. అయినా ఆ గది కిటికీ దగ్గర చాలా చరిత్ర క్లాసులు గడిపాను. అదే ఇంట్లో చేశాను. రెండు పటాల అద్దాలు, నాలుగు చెక్క పేళ్ళు, మధ్యలో మట్టి, అంతా కలిపి ఆ కుంటి బల్ల మీద. పెరట్లో స్నానాలు చేసే జాలారి బండ ఒకటి లేపితే కింద కావలసినన్ని నల్లచీమలు. కరవని రకం, ఎటు పోతున్నాయో వాటికే తెలియనట్టు పరుగెత్తే రకం. పైన మూత లేదు. అవి బయటికి వచ్చి బల్లంతా తిరిగి, బెల్లం తిని మళ్ళీ లోపలికి పోతాయి. బల్ల దిగి పారిపోకుండా నాలుగు కాళ్ళ కింద నాలుగు మూకుళ్ళు పెట్టి నీళ్ళు పోశాను. వెలుతురు తగలకుండా అద్దం మీద నల్లగుడ్డ కప్పాను.

మా అమ్మ గుమ్మంలో నిలబడి చూసి, "లోకమంత చీమలు ఎక్కకుండ కాళ్ళ కింద నీళ్ళు వెడ్తది. నా కొడుకు దిగకుండ వెడ్తుండు. సదువంటే గిదే గావచ్చు" అంది.

నా భార్య నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు. వచ్చి బల్ల ముందు పీట మీద కూర్చుంది. నాకు ఉత్సాహం వచ్చింది. గుడ్డ ఎత్తి, చీమల పుట్టుక నుంచి మొదలుపెట్టి, వాటి సమాజం, పని విభజన, వాటికి రెండు కడుపులు ఉండటం దాకా వివరించాను. ఆమె ఎటు చూస్తే అటు వంగి, ఏది చూడాలో వేలితో చూపించాను. చాలాసేపు శ్రద్ధగా విన్నది. మరునాడు మళ్ళీ వస్తుందనుకున్నాను. ఆ ఏడంతా నాకున్న కోరిక అదొక్కటే, ఆమె ఆ పీట మీద మళ్ళీ కూర్చోవడం. దేశం అప్పుడు పెద్దపెద్ద కోరికలు కోరుకుంటోంది. నాది చిన్నది కనుక ముందు తీరుతుందని ఆశపడ్డాను.

ఈలోగా బావ వచ్చాడు.

బావ అంటే మా మేనత్త కొడుకు. వాళ్ళది ఆలంపూర్ వైపు. తుంగభద్ర దాటితే అవతలి రాజ్యం, కనుక అక్కడా కుదురు లేదు. అతనిదీ మా కాలేజీయే, అతని తరగతులూ ఆగాయి. మా ఇంట్లో ఉండటానికి వచ్చాడు. నాకంటే కొంచెం పెద్ద. చదువులో కొంచెం పైన, పొడుగులో కొంచెం పైన. ఈ 'కొంచెం' మనిషిని చాలా బాధపెడుతుంది. బాగా పైన ఉంటే దండం పెట్టి ఊరుకోవచ్చు.

వచ్చిన రోజే నల్లగుడ్డ ఎత్తి చూసి, "మంచిగున్నయి బావా. రాణేది?" అన్నాడు.

"లోపలుంటది" అన్నాను.

రాణి లేదు. ఉంటే గుడ్లు కనిపించాలి. అప్పటికి గుడ్డు మాట దేవుడెరుగు, ఉన్న చీమలే నీరసంగా నడుస్తున్నాయి. అలా మరో వారం గడిచిందో లేదో, జాలారి నీళ్ళు నిలుస్తున్నాయని అమ్మ అంటే బావ గడ్డపార తీసుకుని పక్క బండ లేపాడు. దాని కింద రాణి. గుడ్లు, పిల్లలు, పరివారం అన్నీ సిద్ధంగా, ఎవరో తాంబూలంతో పాటు ఇచ్చినట్టు. నేను లేపిన బండకూ అతను లేపిన బండకూ మధ్య జానెడు దూరం లేదు.

బావ వాటిని బిస్కెట్ల డబ్బాలో పెట్టి, పైన అద్దం ముక్క కప్పి, అంచున వచ్చిపోయేందుకు సందు వదిలి, నా బల్ల పక్కనే ఇంకో బల్ల వేసుకున్నాడు. అదే వడ్రంగి, అదే కర్ర. ఆ బల్ల ఊగలేదు.

నా బల్ల పొట్టి కాలి కింద మడతపెట్టిన కాగితం పెట్టేవాణ్ణి. మూకుట్లో నీళ్ళకు అది నాని ముద్దయ్యేది. బల్ల ఊగినప్పుడల్లా అద్దాల మధ్య మట్టి కూలి, చీమలు కట్టుకున్న దారులు పూడిపోయేవి. బావ డబ్బాలో పట్టణం లేస్తుంటే నా అద్దంలో రోజూ భూకంపం.

నా భార్య పీట మెల్లగా అటు జరిగింది. ముందు కూర తరుగుతూ అటు చూసేది. తర్వాత కూర తీసుకునే అక్కడికి పోయేది. ఆమెకు బావ వరసకు అన్న అవుతాడు కనుక నేను అసూయపడటానికి శాస్త్రం కూడా ఒప్పుకోదు. పడ్డాను.

"అన్నా, గుడ్లు నోట్ల వెట్టుకొని ఉర్కుతున్నయే!" అని డబ్బా దగ్గరినుంచి అరిచేది.

"అవునా చెల్లె? జూడు, జూడు" అని బావ అరుగు మీదినుంచి జవాబిచ్చేవాడు. లేచి వచ్చేవాడు కాదు. తన డబ్బా దగ్గర అతను నిలబడటమే అరుదు. పొద్దున కాస్త బెల్లం పెట్టి, అరుగు మీద బీడీ కాల్చుకుంటూ కూర్చునేవాడు. ఇంత నిర్లక్ష్యం మనిషి దగ్గర చీమలు ఎలా బతుకుతున్నాయో నాకు అర్థమయ్యేది కాదు. నేను మాత్రం నా బల్లను వదిలేవాణ్ణి కాదు. నేతిలో వేయించిన కిస్‌మిస్ పెట్టాను. తేనె పెట్టాను. అందులో కొన్ని చీమలు అతుక్కుని చనిపోయాయి. ఆమె ఇటు తలతిప్పిందని తోస్తే చాలు, గుడ్డ ఎత్తి గొంతు సవరించుకునేవాణ్ణి. ఆమెకు వెంటనే వంటింట్లో పని గుర్తొచ్చేది.

ఒకరోజు ఆయుధాల కోసం నిజాం పోలీసుల సోదా జరిగింది. జమేదారు ఇద్దరు మనుషులతో లోపలికి వచ్చాడు. అమ్మ గోడకు అతుక్కుపోయింది. జమేదారు బల్లల కాళ్ళ కింది మూకుళ్ళను చూసి ఆగాడు.

"యే క్యా తమాషా హై?"

"చీమలు సాబ్, పెంచుతున్నం" అన్నాడు బావ.

జమేదారు బావ డబ్బా ముందు గొంతుక్కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. రాణిని చూసి మీసం కింద నవ్వాడు. తర్వాత లేచి నా అద్దం వైపు ఒక చూపు వేశాడు.

"ఇస్‌మే రానీ నహీఁ?"

"అందర్ హై సాబ్" అన్నాను.

తుపాకీ దాచినవాణ్ణి చూసినట్టు నన్ను చూశాడు. అయినా నా అద్దాన్ని ఇంకోసారి చూడలేదు. వెనక గదిలోకి కూడా పోకుండా, బావ భుజం తట్టి వెళ్ళిపోయాడు. అమ్మ ఊపిరి పీల్చుకుని, "నా అల్లుని చీమలే ఇయ్యాల ఇల్లు కాపాడినయి" అంది. మేమంతా క్షేమంగా ఉన్నందుకు నేనూ సంతోషించాను. కాకపోతే నా చీమలకూ కొంత వాటా ఇస్తే బాగుండేది.

తర్వాత పోలీసు యాక్షన్ రోజులు. నాలుగిళ్ళ అవతల వకీలు గారింట్లో రేడియో ఉండేది. ఇండియా సైన్యం హైదరాబాదు చేరిందని, నిజాం లొంగిపోయాడని వార్త వస్తోందని ఎవరో వీధిలో అరుస్తూ పోయారు. ఆ సమయానికి నేను బల్ల కాలి కింద కాగితం మారుస్తున్నాను. పాతది ముద్దయిపోయింది, కొత్తది చేతికి దొరకలేదు. ఊగకుండా ఉంటుందని నా బల్లను బావ బల్లకు ఆనించి వకీలు గారింటికి పరుగెత్తాను. ఇంటిల్లిపాదీ వచ్చారు. వార్త విని కేకలు వేశాం, తెలియనివాళ్ళను కూడా కౌగిలించుకున్నాం, ఎవరో నోట్లో చక్కెర పోశారు. పొద్దుగూకే వేళకు ఇంటికి వచ్చాం.

ముందు చూసింది నా భార్యే. "గవి గిటు పోతున్నయేంది?"

నా అద్దంలో దారులన్నీ ఖాళీ. రెండు బల్లలు ఆనుకున్న చోట సన్నని నల్ల గీత. చివరి చీమలు నేను పెట్టిన కిస్‌మిస్ ముక్కను కూడా మోసుకుంటూ బావ డబ్బాలోకి పోతున్నాయి. కట్నం సహా.

"నేనైతే పిల్వలే బావా, ఒట్టు" అన్నాడు బావ.

వేరే పుట్ట చీమలు కలిస్తే చంపుకుంటాయని చదివాను. కొంత ఆశతోనే యుద్ధం కోసం ఎదురుచూశాను. జరగలేదు. అవి మీసాలు తాకించుకుని, పండక్కి వచ్చిన బంధువుల్లా లోపలికి పోయాయి.

"ఒక్క పుట్టనే అయ్యుంటది బావా. నువ్వొక బండ లేపినవు, నేను పక్క బండ లేపిన. అవి ఇంటికి వొయినయి, అంతే."

"నాయి నాకు వాపస్ ఇయ్యాలె" అన్నాను.

అమ్మ మధ్యవర్తిగా డబ్బాలోకి తొంగిచూసింది. "ఏవి కొడుకా నీయి? గుర్తేమన్న వెట్టినవా?"

వీధిలో జనం జై కొడుతున్నారు. రాజ్యం చేజారిన బాధ ఆ సాయంత్రం నల్లగొండలో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలిసి ఉండదు.

తోవలు తెరుచుకున్నాక బావ ఆలంపూర్ వెళ్ళిపోయాడు. మా పల్లెలో గొడవ ఆగలేదు, వచ్చి ప్రశ్నలు అడిగే మనుషులు మారారు, అంతే. కనుక మేము నల్లగొండలోనే ఉండిపోయాం. వెళ్ళేముందు బావ డబ్బా నా చేతిలో పెట్టాడు. "ఉంచుకో బావా. బస్సుల కుదుపుకు సస్తయి" అన్నాడు. దోచుకుపోయినా ఇంత బాధ కలిగేది కాదు. పైగా తన బల్ల కూడా వదిలేసి వెళ్ళాడు.

అయినా తీసుకున్నాను. ఆ రోజుల్లో బజారులో పటాలు కట్టేవాడి దగ్గర పెద్ద అద్దాలు దండిగా దొరికేవి. చాలా ఇళ్ళలో గోడల మీది నిజాం ప్రభువుల పటాలు దిగిపోయాయి. రెండు తెచ్చి, చీమలకు పెద్ద ఇల్లు కట్టి, బావ బల్ల మీద పెట్టాను. రాణి, గుడ్లు, పిల్లలు, నావీ అతనివీ అని తేడా లేకుండా వందలకొద్దీ చీమలు. కాళ్ళ కింద నీళ్ళు నిండుగా. ముందు పీట.

పిలిస్తే వచ్చింది. కూర్చుంది. నేను గుడ్డ ఎత్తి, రాణి ఎక్కడుందో చూపించబోయేసరికి పొయ్యి మీద అన్నం గుర్తొచ్చి లేచింది. మరునాడు పప్పు. ఆ తర్వాత పాలు. మా ఇంట్లో అన్ని వంటలు అవుతాయని నాకు అప్పటిదాకా తెలియదు. అన్ని వంటలు భోజనంలో కనిపించలేదు కూడా.

ఒక మధ్యాహ్నం వకీలు గారింటి నుంచి కాస్త ముందే వచ్చాను. గుమ్మంలోంచి చూస్తే ఆమె పీట మీద ఉంది. గుడ్డ తనే ఎత్తుకుంది. మోకాళ్ళ మీద గడ్డం ఆనించి, పెదవులు కదుపుతూ వాటితో ఏదో మాట్లాడుతోంది. నాకు కలిగిన సంతోషం చెప్పలేను. చెప్పులు విడవకుండానే లోపలికి పోయి, "అగో, గా మూలకు జూడు, అవి కట్టిన కొత్త గది..." అన్నాను.

ఆమె గుడ్డ దించి, చాట తీసుకుని, బియ్యంలో రాళ్ళు ఏరడానికి అవతల కూర్చుంది.

ఇక ఆగలేక అడిగేశాను. "మా బావ ఉన్నప్పుడు పొద్దంత గీడనే కూసుంటివి. ఇప్పుడు రాణి నాదే, చీమలు నాయే, బల్ల గూడ ఊగుతలేదు. ఇంకేం తక్కువైందో చెప్పు."

ఆమె ఒక రాయి ఏరి పక్కన పడేసింది.

"అన్న డబ్బ కాడ అన్న ఉండకపోతుండె. నీ దాని ముంగట కూసుంటే నిన్నే జూడాలె" అంది.