డ్రిల్లు టీచరు చెప్పిన పరుగు

మా మామ, అంటే మా ఆయన నాన్న, యాభై దాటకుండానే గుండె ఆగి పోయాడు. అందుకే మా ఆయనకు నలభై రాగానే చావు భయం పట్టుకుంది. ఆయన నాకు మేనబావ. ఎనభైల మొదట్లో, మేము హన్మకొండలో ఉన్న రోజుల్లో, తెల్ల కాన్వాసు బూట్లు కొనుక్కొచ్చి రోజూ పొద్దున్నే కాలేజీ గ్రౌండులో ఉరకడం మొదలుపెట్టాడు.

మామూలు ఉరకడం కాదు. బనీను పిండితే చెమట కారేది. ఇంటికొచ్చి గోడకు ఆనుకొని కూలబడేవాడు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి అన్నం తింటే, పిల్లలు పుస్తకాలు మూయకముందే గురక. సినిమా లేదు, చుట్టాలింటికి పోవడం లేదు. ఇద్దరం కూర్చుని మాట్లాడుకొని నెలలైంది.

"వందేండ్లు బతుకుతవు, సరే. ఎవరితోని బతుకుతవ్ బావా?" అని అడిగితే, "నీకేం ఎరుక! గట్ల ఉరికితెనే గుండె గట్టిగైతది" అని కండ్లు మూసుకునేవాడు.

ఇంతలో పక్కింటి వదిన ఒక మాట మోసుకొచ్చింది. ఆ గ్రౌండులో ఆయనతో పాటు ఒక ఆడమనిషి కూడా ఉరుకుతోందట. ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరట. పెండ్లి కాలేదట.

"ఇద్దరు జోడెడ్ల లెక్క ఉరుకుతాండ్రు" అంది వదిన.

ఆ జోడెడ్ల మాట ముల్లులా దిగింది. ఆ పూట పిల్లల డబ్బాల్లో అన్నం పెట్టి, కూర పెట్టడం మరిచాను. నాతో ఒక్క మాటకు మిగలని ఊపిరి ఆమె పక్కన ఖర్చవుతోందా? అద్దంలో నా నడుము చూసుకున్నాను. ఇద్దరిని కన్న నడుము. ఆమె నడుము తలచుకుంటేనే కడుపు మండింది.

మర్నాడు పొయ్యి మీది పాలు దించేసి ఆయన వెనకే పోయాను. నల్లగా, సన్నగా ఉందామె. పంజాబీ డ్రెస్సు వేసుకొని, చున్నీ నడుముకు బిగించి, అలుపన్నదే లేకుండా ఉరుకుతోంది. ఆమెను దాటాలని మా ఆయన ముఖం కందిపోయి రొప్పుతున్నాడు. ఇద్దరి మధ్య మాటన్నదే లేదు. నేను సంతోషించాల్సింది. కానీ ఆ కాళ్ల తేలిక చూసి ఇంకా కుళ్లుకున్నాను.

ఆమే నా దగ్గరికి వచ్చింది. "అక్కా, మీరు సారు వాళ్ల ఇంటోళ్లేనా? జర మీరన్న చెప్పుండ్రి. రోజు గింత జోరుగ ఉరుకుడు మంచిది కాదు. పక్కోళ్లతోని మాట్లాడుకుంట ఉరికేటంతనే ఉరుకాలె. వారంల ఒకటి రెండు దినాలు జోరుగ, మిగిలిన దినాలు నిమ్మలంగ."

అంతలో ఆయన వచ్చాడు. "ఏదన్న ఒక మాట మాట్లాడుండ్రి సార్" అందామె. ఆయన నోరు తెరిస్తే రొప్పు తప్ప మాట రాలేదు. కాసేపటికి సిగ్గుపడుతూ, "సరే మేడం" అన్నాడు.

సరే మేడమట! నేను నెలల తరబడి మొత్తుకున్నా ఎక్కనిది, ఆమె చెప్తే ఒక్క పొద్దులో ఎక్కింది.

అయితే ఆయన నిజంగానే నెమ్మదించాడు. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని ఆఫీసు ముచ్చట్లు చెప్పేవాడు. ఒక ఆదివారం తనంతట తానే మ్యాట్నీకి పోదామన్నాడు. ఈ సుఖం ఆమె పెట్టిందే కదా అని గుర్తొచ్చి, హాల్లో కూర్చున్నా నాకు సగం సంతోషమే.

కొన్నాళ్లకు ఆమెకు పరకాలకు బదిలీ అయింది. ఆ కబురు విన్న రోజు నేను సేమ్యా పాయసం చేశాను. ఆయన మాత్రం దిగాలుగా, "ఒక్కన్నే ఉరుక బుద్ధి కాదు. నువ్వు రారాదు" అన్నాడు.

కుచ్చిళ్లు ఎగదోపి పోయాను. చుట్టు సగం కాకముందే డొక్కలో నొప్పి. ఆయన నాకోసం అడుగు తగ్గించి, పక్కనే మెల్లగా ఉరుకుతూ, పెద్దోడి లెక్కల మార్కుల సంగతి తీశాడు.

నేను ఆయాసపడుతూనే అడిగాను. "ఆమె నాకన్న మంచిగ ఉరుకుతుండె కదా?"

"ఉరుకుతుండె" అన్నాడు మహానుభావుడు.

అబద్ధమాడితే ఏం పోయేది! పండ్లు కొరుక్కుని, ఆయన్ను వెనక వదిలేసి ముందుకు ఉరికాను.