పగిలిన ప్లగ్గు

మా ఆయన నరసరావుపేటలో బొగ్గు బస్సుకు మెకానిక్కు. యుద్ధం రోజులు, పెట్రోలు దొరికేది కాదు. బస్సు వెనక పొయ్యిలాంటి డబ్బా కట్టి, బొగ్గులు మండించి, ఆ గ్యాసుతో నడిపేవాళ్లు. దాంతో ఇంజన్లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులకు పట్టే మసి అంతా ఇంతా కాదు. రోజూ విప్పి తుడవకపోతే గురజాల చేరేలోగా ఎక్కడో నడిరోడ్డున బండి ఆగిపోవాల్సిందే.

అట్లాంటి పనిలో ఉన్న మనిషికి చూపు మందగించింది. ఎవరికైనా తెలిస్తే పని పోతుందని ప్లగ్గులు మూటగట్టి ఇంటికి తెచ్చేవాడు. వంట చేసుకోవాలా, వీటిని తోముకుంటూ కూర్చోవాలా అని కసురుకునేదాన్ని. కసురుకుంటూనే తోమేదాన్ని. ఇనప బ్రష్షుతో మసి గీకడం, నిప్పురవ్వ ఎగిరే సందులో రేకు ముక్క పెట్టి కొలవడం, అన్నీ ఆయనే నేర్పాడు.

"తెల్ల పింగాణీ పగిలిందనుకో, ఇంకది చచ్చినట్టేనే. అవతల పారెయ్" అనేవాడు.

ఒక సాయంత్రం మూట విప్పి గీకబోతే, రోజూ గట్టిగా అంటుకుని ఉండే మసి పొడిపొడిగా రాలింది. వాసన చూస్తే ఆముదం. కిరసనాయిలు కరువై మా ఇంట్లో వెలిగించేది ఆముదం దీపమే. ఇదేంది అనుకుంటూ ఒకదాన్ని తుడిచాను. పింగాణీ మీద నిలువునా పగులు. అంతకు ముందెప్పుడో నేనే అవతల పడేసిన ప్లగ్గు అది.

అయ్యో దేవుడా! కళ్ల సంగతి తెలిసి ఈయన్ని పని మాన్పించేశారు. నాకు చెప్పలేక, నేను నీళ్లకు పోయిన వేళ మా దీపం మీదే పాత ప్లగ్గులకు మసి పట్టిస్తున్నాడు. ఆ పగులు ఆయనకు కనబడలేదు. నాకు ఒళ్లు మండింది. నాతో చెబితే నేనేమన్నా కొడతానా? అంతలోనే గుండె చెరువైంది.

"ఏమే, ఎట్టున్నాయి?" అన్నాడు. నేను కూర్చున్న వైపు కాక, పొయ్యి వైపు చూస్తున్నాడు.

ఇనప బ్రష్షు అందుకున్నాను. "చానా మసి పట్టిందయ్యా."

"బాగా తోము. రేపు గురజాల దాకా ఆగకుండా పోద్ది బండి."

తోమాను. పగిలినదాన్ని కూడా తోమి, సందు కొలిచి, మిగతావాటితో కలిపి మూటగట్టాను.

తెల్లారి ఆ మూట చంకలో పెట్టుకుని, గోడ తడుముకుంటూ బయల్దేరాడు. వీధి మలుపు తిరిగేదాకా ఓర్చుకుని, గుమ్మంలో కూలబడి ఏడ్చాను.