మీ తరపున ఎవరు పోయిండ్రు?

జగదల్‌పూర్‌లో దళపత్ సాగర్ గట్టున కూర్చుని నేనూ, రవీ మర్నాటి మా పెళ్ళికి పథకం వేసుకుంటున్నాం. ఇంట్లో చెప్పకుండా ముందురోజే వచ్చేశాం, ఫోన్లు కట్టేశాం. బస్తర్‌లో మన తెలుగు ఎవరికి అర్థమవుతుందిలే అని గట్టిగానే మాట్లాడుకుంటున్నాం.

"ఏంది బిడ్డా, లేచిపోయి వచ్చిండ్రా?" అంది పక్కన సద్ది తింటున్న పెద్దావిడ.

ఆమెది తెలుగు సరిహద్దున కొంటా దగ్గర దొర్ల గిరిజనుల పల్లెట. తిట్టలేదు, ఆశ్చర్యపోనూ లేదు.

"మా పిల్లలూ లేచిపోతరు. గానీ ఆ పొద్దే పిల్లగాని తరపోళ్లు పోయి, మీ బిడ్డ మా ఇంట్ల ఉన్నది, అడవిల దేవులాడకుండ్రి అని చెప్తరు. తిట్లు, పంచాయితీ, పెండ్లి అన్నీ ఆ తర్వాతనే. మీ తరపున ఎవరు పోయిండ్రు?"

మా పథకంలో దండల రంగు దాకా ఉంది గానీ ఆ కబురు లేదు.

రవి అక్కడికక్కడే మా నాన్నకు ఫోన్ చేసి చెప్పాడు. ఆయన ఆయాసం వచ్చేదాకా తిట్టి, నాకిమ్మన్నారు.

"కాలవలో వెతుకుతున్న మీ బాబాయిని ఇంక ఒడ్డుకి రమ్మంటానే," అన్నారు.