కుముదవల్లి టీచరమ్మ సగం మాట

కుముదవల్లి టీచరమ్మ ఏ మాటనూ పూర్తిగా చెప్పేది కాదు. సగం చెప్పి, కళ్ళద్దాల పైనుంచి చూస్తూ కూర్చునేది. మిగతా సగం మనమే చెప్పాలి. చెప్పేదాకా తను కదలదు, మనల్ని కదలనివ్వదు.

ఆటో ఎక్కితే "కపిలతీర్థం దాటినాక, ఎడమపక్క..." అని ఆగిపోయేది. ఆటో కూడా ఆగిపోయేది.

"ఎడమపక్క ఏముండాది మేడమ్? గుడా, బడా, కాఫీ అంగడా?" అని ఆటో మునిచంద్ర బతిమాలేవాడు.

ఆమె భర్త రామానుజ సారు పాట్లు ఇంకా ఘోరం. "వచ్చేటప్పుడు మార్కెట్లో..." అని పంపితే, ఎందుకైనా మంచిదని వంకాయలు మొదలు వక్కల దాకా అన్నీ మోసుకొచ్చేవాడు. వయసు మీదపడి మరిచిపోతోంది కాబోలు అనుకున్నాను నేను.

తిరుపతిలో వాళ్ళింటి వరండాలోనే నా పని. రిటైరయ్యాక టీచరమ్మ బడిపిల్లలకు సైన్సు ప్రయోగాల పెట్టెలు తయారుచేసేది. రెసిస్టర్ల మీది రంగు చారలు చూసి నేను డబ్బాల్లో వేరుచేయాలి. తొమ్మిదో తరగతితో చదువాగిపోయి, ఎవరి ముందైనా నోరు తెరవాలంటే సిగ్గుపడే నాకు అది హాయి. రెసిస్టర్లు మాట్లాడించవు. టీచరమ్మ మాట్లాడించేది.

"రేవతీ, బ్యాటరీ తొమ్మిది వోల్టులు. మనకు మూడే కావల్ల. రెండు రెసిస్టర్లను వరసగా కలిపితే, ఆ తొమ్మిదిని అవి..."

నేను నేల చూశాను. గోడ గడియారం పది నిమిషాలు నడిచింది.

"పంచుకుంటాయి," అన్నాను, గడియారం మీద జాలితో.

"పెద్దదానికి..."

"ఎక్కువ."

"అయితే పైన రెండు వేల ఓములు, కింద..."

"వెయ్యి."

కలిపాను. కింది రెసిస్టరుకు మీటరు పెడితే సరిగ్గా మూడు. సంబరంగా చిన్న బల్బు తగిలించాను. వెలగలేదు. మీటర్లో అంకె కూడా పడిపోయింది.

"మీటరు ముందర మూడు, బల్బు ముందర మాత్రం..."

"మా మామ మాదిరి. పని చెప్పేదాకా మొనగాడే," అన్నారెవరో. చూస్తే నేనే.

బల్బు ఎందుకు వెలగలేదో చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ ఆమె "బల్బు తగిలించంగానే..." దగ్గరే కూర్చుంది.

"బల్బూ కరెంటు లాగుతాది టీచరమ్మా. కింది రెసిస్టరు పక్కన అదింకో దారి. మనం దాన్ని లెక్కలో వేసుకోలేదు."

సత్యవేడు దగ్గరి ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఆడపిల్లల్ని తీసుకుంటున్నారని తెలిసి, టీచరమ్మే నాతో దరఖాస్తు పెట్టించింది. వస్తే జీతం, హాస్టలు, సాయంత్రం పూట చదువు. రాకపోతే మా చిన్నాయన టమోటా మండీలో కాయలు ఏరడమే.

పరీక్షలో ఆఫీసరు బ్యాటరీ, రెసిస్టర్లు ముందు పెట్టి, "మూడు వోల్టులు తీసి చూపించు. ఎట్ల చేసినావో చెప్పు," అన్నాడు.

చేతులు వాటిని చకచకా కలిపేశాయి. నోరు మాత్రం తెరుచుకోలేదు. పూర్తి ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు తప్పింది మరి. కళ్ళు మూసుకుని, టీచరమ్మ గొంతుతో మొదటి సగం మనసులో అనుకున్నాను. 'రెండు రెసిస్టర్లను వరసగా కలిపితే...' మిగతా సగం బయటికి వచ్చేసింది. అడక్కుండానే బల్బు సంగతీ చెప్పాను. చివరికి ఆఫీసరే "చాలమ్మా" అన్నాడు.

ఉద్యోగం వచ్చిందని చెప్పగానే "రేవతీ, హాస్టల్లో..." అంది టీచరమ్మ. మిగతా సగానికి నేను సిద్ధమయ్యాను. కానీ ఆమె ఆగలేదు. హాస్టల్లో తిండి, బస్సు వేళలు, చెప్పులు, తన మొదటి ఉద్యోగం, అక్కడి హెడ్మాస్టరు కుక్క... అరగంటైనా వాక్యం తెగలేదు.

నేను బిత్తరపోయి రామానుజ సారును చూశాను.

"ఇదీ అసలు మనిషి," అన్నాడాయన. "'ఈ పిల్ల నోరు తెరవల్లంటే నేను నోరు మూసుకోవల్ల' అని నువ్వొచ్చిన రోజే నాతో చెప్పింది. నీ ఒక్కదానితోనే అట్లుంటే నొచ్చుకుంటావని, ఊరందరితోనూ అట్లే ఉన్నింది. రెండేండ్లు."

టీచరమ్మ కుక్కను వదిలి హెడ్మాస్టరు పెండ్లి దగ్గరికి వచ్చింది. సారు నా చెవి దగ్గరికి వంగాడు.

"చేరేదానికి ఇంకా పదైదు దినాలుండాయి కదమ్మా. అంతదాకా మళ్ళా కొంచెం సిగ్గుపడు."